చిట్లిన గొంతులకే నా ఓటు

‘స్టార్‌బర్‌స్టర్’ పాటలో పల్లవి దగ్గరకొచ్చేసరికి గాయకుడు ఊపిరి లాగుతాడు. పాడేవాడన్నాక ఊపిరి పీల్చడా అంటారేమో. గుండెలు అదిరి, గాలి అందక, నోరు తెరిచి లోపలికి లాక్కునే ఊపిరి అది. పల్లవి వచ్చిన ప్రతిసారీ, తాళానికి సరిగ్గా, ఆ చప్పుడు వినిపిస్తుంది. మన సినిమా పాటలో అయితే మిక్సింగ్‌లో ముందు ఎగిరిపోయేది అదే. పాడేవాడు మధ్యలో ఊపిరి తీసుకున్నాడని వినేవాడికి తెలియకూడదన్నది మన దగ్గర మర్యాద. డబ్లిన్ బృందం ఫాంటెయిన్స్ డీసీ ఆ ఊపిరినే పాటకు ఆయువుపట్టు చేసింది. గాయకుడు గ్రియన్ చాటెన్‌కు లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో ఉన్నట్టుండి పానిక్ అటాక్ వచ్చింది. పాట అందులోంచి పుట్టింది.

ఆ పాట ఉన్న ‘రొమాన్స్’ 2024 ఆగస్టులో వచ్చింది. వాళ్ళకది నాలుగో ఆల్బం. ఈ కుర్రాళ్ళు డబ్లిన్‌లో సంగీతం చదువుకుంటూ కవిత్వం పిచ్చితో దగ్గరయ్యారు. 2019 నాటి తొలి ఆల్బం ‘డాగ్రెల్’లో చాటెన్ పాడిన దానికన్నా చదివిందే ఎక్కువ. తన ఊరి యాసను ఎక్కడా దాచుకోడు. ‘రొమాన్స్’కి ప్రొడ్యూసర్ మారాడు. (రాక్‌లో ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు కాదు. చప్పుడు ఎలా ఉండాలో తేల్చేవాడు.) మొదటి మూడు ఆల్బంలూ చేసిన డాన్ కేరీ బదులు, ఆర్కిటిక్ మంకీస్‌తో పనిచేసిన జేమ్స్ ఫోర్డ్ వచ్చాడు. వయొలిన్లు వచ్చాయి, కీబోర్డులు వచ్చాయి, వేసుకునే బట్టలకు కూడా రంగులొచ్చాయి. ఆల్బం బ్రిటన్ చార్టులో రెండో స్థానానికి వెళ్ళింది. వాళ్ళ శిఖరం ఇదేనని చాలామంది రాశారు.

నా లెక్కలో ఇది సగం శిఖరం. ‘స్టార్‌బర్‌స్టర్’, ‘హియర్స్ ద థింగ్’, ‘డెత్ కింక్’ పాటల్లో గరుకు ఇంకా మిగిలి ఉంది. ‘డిజైర్’, ‘సన్‌డౌనర్’ దగ్గరికొచ్చేసరికి అందమైన మసకలో మనుషులు కనపడరు. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’లోంచి మాట తీసుకొచ్చి ఒక పాటకు పేరు పెట్టుకోగల ధీమా ఉన్నవాళ్ళు, తమ యాసను ఇంతలా మెత్తబరచుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. చివరి పాట ‘ఫేవరిట్’ గురించి మాత్రం నాకు ఫిర్యాదు లేదు. గిటార్ అంత తేటగా మోగుతుంటే ఎవరు మాత్రం గొడవ పెట్టుకుంటారు!

ఇంతకీ నేను గరుకు, గరుకు అని ఎందుకు పట్టుకు వేలాడుతున్నానంటే, 2025 జూన్‌లో స్పాటిఫైలో ‘ద వెల్వెట్ సన్‌డౌన్’ అనే రాక్ బృందం ప్రత్యక్షమైంది. ఒకే నెలలో రెండు ఆల్బంలు. 1970ల నాటి మెత్తటి రాక్, ఎక్కడా గీత పడని గొంతు, ఎవరి మనసూ నొప్పించని మాటలు. నెలకు పది లక్షలమందికి పైగా విన్నారు. ఆ బృందమే లేదని, ఆ గొంతు ఏ మనిషిదీ కాదని, అంతా కృత్రిమ మేధ సాయంతో తయారైందని తర్వాత వాళ్ళే ఒప్పుకున్నారు. సంగీత లోకం భగ్గుమంది. మోసమన్నారు, నిషేధించమన్నారు. నేను ఆ పాటలు విన్నాను. బాగానే ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు, గుర్తు పెట్టుకోవడానికీ ఏమీ దొరకలేదు. మనుషులే ఉన్న రాక్ బృందాలు ఎన్నింటి గురించో ఇదే మాట చెప్పొచ్చు. అసలు భయపడాల్సిన సంగతి అదీ.

ఈ నున్నదనం యంత్రం నేర్పింది కాదు. శ్రుతి సరిచేసే ‘ఆటోట్యూన్’ 1997లోనే వచ్చింది. మరుసటి ఏడాది షేర్ పాడిన ‘బిలీవ్’తో దాని చప్పుడు లోకమంతటికీ తెలిసింది. అప్పటినుంచి ఒక్కో స్వరాన్నీ పట్టి గీతమీద కూర్చోబెట్టడం స్టూడియోల్లో రోజువారీ పని. కృత్రిమ మేధ అలా సరిచేసిన పాటల్ని విని వాటిలాంటివే మరికొన్ని చేసిపెడుతోంది. ఇంత సరకు ఉచితంగా పోగుపడ్డాక, నేను డబ్బు పెట్టి కొనేది, కూర్చుని వినేది వేరేదై ఉండాలి కదా. 2024, 2025 సంవత్సరాల్లో వచ్చిన రాక్ ఆల్బంలను ఈ ఒక్క కొలతతోనే కొలుస్తున్నాను. ఈ కొలత అందరికీ న్యాయం చేస్తుందని నేననను.

ఈ కొలతకు మొదట నిలబడేది గీస్. బ్రూక్లిన్‌లో హైస్కూల్ చదువుకునే రోజుల్లో మొదలైన బృందం. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘గెటింగ్ కిల్డ్’ రికార్డింగ్ లాస్ ఏంజిలిస్‌లో కొద్ది రోజుల్లోనే ముగిసింది. బృందంతోపాటు ప్రొడ్యూసర్‌గా కూర్చున్నది కెనెత్ బ్లూమ్. ర్యాప్ లోకంలో కెన్నీ బీట్స్‌గా పేరున్నవాడు. ర్యాప్ చేసేవాడు రాక్ కుర్రాళ్ళను పట్టుకుంటే గిటార్ల కింద తడబడని యంత్రపు డ్రమ్స్ పెడతాడని అనుకుంటాం. అతను చేసింది దాదాపు తలకిందులు. మాక్స్ బాసిన్ డ్రమ్స్‌ని ముందుకు లాగి, వాటి తొట్రుపాటును అలాగే వదిలేశాడు. నన్నడిగితే ఈ ఆల్బంలో అసలు హీరో బాసినే. అతను తాళం వేస్తున్నాడా, వాదిస్తున్నాడా అన్నది చాలాచోట్ల తేలదు.

గీస్ గాయకుడు కామెరన్ వింటర్ గొంతు గురించి రాయడం కష్టం. అడుగునుంచి మొదలై, వణుకుతూ, మాటల చివర్లు మింగేస్తూ, శ్రుతి ఉన్న చోటికి కాస్త ఆలస్యంగా చేరుకుంటుంది. మొదటి పాట ‘ట్రినిడాడ్’ మత్తుగా, ఎవరికీ పట్టనట్టుగా నడుస్తుంటుంది. ఉన్నట్టుండి కారులో బాంబుందని అతను గొంతు చించుకుంటాడు. మళ్ళీ ఏమీ జరగనట్టు మత్తులోకి జారుకుంటుంది. పాత రాక్‌లో ఇలాంటి అరుపును పాట చివర, ఉద్వేగమంతా పోగయ్యాక వాడేవారు. ఇక్కడ అది ఆల్బం గుమ్మంలోనే ఎదురవుతుంది. భయపడేవాళ్ళు అక్కడే దిగిపోవచ్చన్నమాట. దిగకుండా ఉన్నవాళ్ళకు ‘టాక్సెస్’ ఉంది. సగం పాట దాకా గిటార్ జాడే ఉండదు, చేత్తో వాయించే తాళం మాత్రమే. తర్వాత గిటార్లు ఒక్కసారిగా తెల్లారినంత వెలుతురుగా వస్తాయి. ఎమిలీ గ్రీన్ గిటార్ అంత సంతోషంగా మోగడం ఈ ఆల్బంలో ఇంకెక్కడా లేదు.

వింటర్ గొంతు బాగోలేదని అనేవాళ్ళు తక్కువేమీ లేరు. బాబ్ డిలన్ గురించి అరవై ఏళ్ళుగా అదే అంటున్నారు. 2016లో నోబెల్ వచ్చిననాడూ అన్నారు. ఆ వాదనలోకి నేను పోను. నన్ను ఆపేది ఇంకొకటి. అతను ఎప్పుడు వేళాకోళమాడుతున్నాడో, ఎప్పుడు ప్రాణం పెట్టి పాడుతున్నాడో పోల్చుకోలేం. 2024 డిసెంబరులో అతను ఒక్కడూ చేసిన ఆల్బం పేరు ‘హెవీ మెటల్’. పేరు చూసి కొన్నవాళ్ళు మొదటి నిమిషంలోనే వెర్రిమొహం వేసి ఉంటారు. అందులో ఉన్నవి చాలామటుకు పియానో, ఒంటరి గొంతు, నిదానం. ‘జీరో డాలర్స్’ అనే పాట చివర దేవుడు నిజంగా ఉన్నాడని, హాస్యానికి చెప్పడం లేదని అతను మళ్ళీ మళ్ళీ నొక్కి చెబుతాడు. అప్పటిదాకా మెలికలు తిరిగిన మనిషి అంత సూటిగా మాట్లాడేసరికి నాకు గుండె జారినంత పనయింది. నమ్మకం ఉన్నవాడి మాటా అది, నమ్మాలని చూస్తున్నవాడి మాటా? గొంతు సరిచేసి ఉంటే ఆ అనుమానమే వచ్చేది కాదు.

‘గెటింగ్ కిల్డ్’ గొప్పదా, ‘హెవీ మెటల్’ గొప్పదా అని పందెం కట్టమంటే నేను రెండోదానికే కడతాను. బృందం ఆల్బంలో ‘కోబ్రా’ వంటి తేలిక పాటలున్నాయి, పేరుపాటలో యుక్రెయిన్ బృందగానం ముక్కలు కత్తిరించి అతికించిన హంగామా ఉంది, చివర ‘లాంగ్ ఐలండ్ సిటీ హియర్ ఐ కమ్’లో డ్రమ్స్ పరుగు ఉంది. వింటర్ ఒంటరి పాటల్లో దాక్కోవడానికి చోటు లేదు. 2025 డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో అతను పియానోతో ఒంటరిగా కచేరీ చేశాడు. అప్పటికి ఇరవై మూడేళ్ళవాడు. అమెరికా పత్రికలు ఇప్పుడు అతణ్ణి రాక్‌ను కాపాడటానికి వచ్చిన అవతారపురుషుడిగా రాస్తున్నాయి. ఆ మాట వినగానే నాకు జాలేస్తుంది. అలా మోసినవాళ్ళలో ఎంతమందిని రెండో ఆల్బంకల్లా కింద పడేశారో లెక్కలేదు.

ఇక నార్త్ కరోలినా వెళ్దాం. అక్కడ ఆష్‌విల్ అనే కొండ ఊరు ఉంది. ఆ ఊళ్ళోనే ‘డ్రాప్ ఆఫ్ సన్’ అనే స్టూడియో, అందులో అలెక్స్ ఫరార్ అనే రికార్డిస్టు. ఈ ఒక్క గదిలోంచి వచ్చిన రెండు ఆల్బంలు నన్ను పెద్ద నగరాల సంగీతం కన్నా ఎక్కువ పట్టి ఉంచాయి. మొదటిది 2024 సెప్టెంబరులో వచ్చిన ఎం.జె. లెండర్‌మన్ ‘మానింగ్ ఫైర్‌వర్క్స్’. రెండోది ఏడాది తర్వాత వచ్చిన వెన్స్‌డే బృందం ‘బ్లీడ్స్’. వెన్స్‌డేలో లెండర్‌మన్ గిటారిస్టు. గాయని, పాటలు రాసే మనిషి కార్లీ హార్ట్స్‌మన్. ఇద్దరూ కొన్నేళ్ళు ప్రేమలో ఉండి విడిపోయారు. అయినా ‘బ్లీడ్స్’లో గిటార్ అతనిదే. ఊళ్ళు తిరిగే కచేరీలకు మాత్రం రావడం మానుకున్నాడు.

లెండర్‌మన్ గొంతుకు ఎత్తుపల్లాలు లేవు. అరుగుమీద కూర్చుని ఎవరి గురించో చెబుతున్నంత సాదాగా పాడతాడు. అతని పాటల్లో మగవాళ్ళు దాదాపు అందరూ దద్దమ్మలే. కొనుక్కున్న వస్తువుల గురించి గొప్పలు చెప్పుకుంటారు, భార్య వెళ్ళిపోయాక కారణాలు వెతుక్కుంటారు, వీడియో గేమ్‌లో గిటార్ వాయిస్తూ రాత్రిళ్ళు గడుపుతారు. చెప్పేవాడు వాళ్ళను వెక్కిరిస్తున్నాడా, వాళ్ళలో ఒకడా? నవ్వొచ్చి, నవ్వు మధ్యలో ఆగిపోయే రచన ఇది. తెలుగు కథ చదివిన అలవాటు ఉన్నవాళ్ళకు ఈ రకం మనుషులు కొత్తేమీ కాదు. చివరి పాట ‘బార్క్ ఎట్ ద మూన్’ మాటలు అయిపోయాక కూడా చాలా నిమిషాలు ఒకే రొదగా సాగుతుంది. అది ఆల్బంలో అనవసరమని చాలామంది రాశారు. నేను దాన్ని ఎప్పుడూ దాటవేయను. మాట్లాడటం చేతకాని మగవాళ్ళ గురించి ఇన్ని పాటలు పాడాక, మాటల్లేని రొద కన్నా సరైన ముగింపు ఏముంటుంది?

‘బ్లీడ్స్’ ఇంకా మురికిగా, ఇంకా ప్రాణంతో ఉంటుంది. కంట్రీ సంగీతంలో కన్నీళ్ళు పెట్టించే స్టీల్ గిటార్ ఒకవైపు, చెవులు గింగురుమనే ఎలక్ట్రిక్ గిటార్లు ఇంకోవైపు. వాటి మధ్య హార్ట్స్‌మన్ తన ఊళ్ళ కథలు చెబుతుంది: చనిపోయిన పాత పరిచయస్థులు, పక్కింటి హత్యలు, తాగి వాంతి చేసుకున్న రాత్రులు, అద్దె ఇళ్ళ యజమానులు. వార్తాపత్రిక జిల్లా పేజీలో మూలన రెండు వరుసల్లో వచ్చే మనుషులకు ఆవిడ పాట కట్టింది. ‘ఎల్డర్‌బెర్రీ వైన్’ ఎవరు విన్నా ఇష్టపడే తియ్యటి పాట. ‘వాస్ప్’ నిమిషంన్నర పాటు ఒకటే అరుపు. ఒకే ఆల్బంలో ఇవి రెండూ ఉండటం కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం రెండోదాని వల్లే మొదటిదాని తీపి మీద నమ్మకం కుదిరింది. ‘అర్జున్ రెడ్డి’లో ‘తెలిసెనే నా నువ్వే’ పాటలో రేవంత్ గొంతు పైకి లేచినప్పుడు తెలుగు కుర్రకారు ఎందుకు ఊగిపోయిందో గుర్తుందా? ఆ అరుపుకు సినిమాలో హీరో కారణం, సన్నివేశం కారణం. హార్ట్స్‌మన్ అరుపుకు అలాంటి దన్ను ఏదీ లేదు. ఆ ధైర్యమే వేరు. 2024, 2025 మొత్తంమీద ఒక్కటే ఆల్బం ఉంచుకోమంటే నేను ‘బ్లీడ్స్’ ఉంచుకుంటాను.

నా కొలతను తలకిందులు చేసిన మనిషి ఒకడున్నాడు. ఆయన వయసు అరవై అయిదు దాటింది. పేరు రాబర్ట్ స్మిత్, బృందం ద క్యూర్. 2008 తర్వాత పదహారేళ్ళు ఆల్బం లేదు. వస్తోంది, వస్తోంది అని స్మిత్ చెప్పడం, అభిమానులు నవ్వుకోవడం అలవాటైపోయాక 2024 నవంబరు 1న ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ వచ్చింది. ఎనిమిదే పాటలు. స్మిత్ గొంతు 1980లలో ఎలా ఉందో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. చిట్లలేదు, వడలలేదు. నా సిద్ధాంతం ప్రకారం ఈ ఆల్బం నన్ను కదిలించకూడదు.

కదిలించింది. ఎలాగో తెలుసుకోవడానికి మొదటి పాట ‘అలోన్’ చాలు. గొంతు వినపడటానికి మూడు నిమిషాలు దాటాలి. చివరి పాట ‘ఎండ్‌సాంగ్’లో ఆరు నిమిషాలు దాటాలి. అంతసేపూ డ్రమ్స్ బరువుగా, ఒకే నడకలో, ఎవరికోసమో దారి ఇస్తున్నట్టు మోగుతాయి. రీలు ముప్పై సెకన్లలో తేలిపోవాల్సిన రోజుల్లో ఒక పెద్దాయన వినేవాణ్ణి గుమ్మంలో ఇంతసేపు నిలబెట్టడం నాకు మొండితనంగా, ఆ మొండితనం గౌరవంగా కనపడ్డాయి. ఈ పదహారేళ్ళలో స్మిత్ తల్లిని, తండ్రిని, అన్న రిచర్డ్‌ను పోగొట్టుకున్నాడు. ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ ఆ అన్న కోసమే. పాట విన్నాక అర్థమైంది. ఇక్కడ వయసు మీద పడింది గొంతుకు కాదు, పాట మొత్తానికి. ముసలివాళ్ళు మాట మొదలుపెట్టడానికి తీసుకునే వ్యవధి ఈ పాటల నిండా ఉంది. 1992 నాటి ‘విష్’ తర్వాత బ్రిటన్‌లో క్యూర్ ఆల్బం మళ్ళీ మొదటి స్థానంలోకి రావడం ఇదే.

స్మిత్ గురించి ఇంకో సంగతి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 2023లో అమెరికా కచేరీలకు తక్కువ ధర టికెట్లు పెట్టాడు. టికెట్‌మాస్టర్ సంస్థ రుసుముల పేరుతో కొన్నిచోట్ల టికెట్ ధరకు సమానంగా అదనం వసూలు చేసింది. ఆయన బహిరంగంగా గొడవకు దిగాడు. సంస్థ దిగొచ్చి కొందరికి పది డాలర్లు, కొందరికి అయిదు డాలర్లు వెనక్కి ఇచ్చింది. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆయన తరంలో, ఆయనంత పేరున్నవాళ్ళలో ఇంకెవరు అడిగారు?

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి సిండీ లీ. కెనడా కాల్గరీలో ‘విమెన్’ అనే మంచి గిటార్ బృందం ఉండేది. 2010లో వేదికమీదే కొట్టుకుని విడిపోయింది. అందులోని పాట్రిక్ ఫ్లేగెల్ ఆడ వేషంలో, సిండీ లీ పేరుతో పాడటం మొదలుపెట్టాడు. 2024 మార్చిలో వచ్చిన ‘డైమండ్ జూబ్లీ’లో ముప్పై రెండు పాటలు, రెండు గంటలకు పైన. విడుదలైనప్పుడు స్పాటిఫైలో లేదు, ఆపిల్‌లో లేదు. యూట్యూబ్‌లో మొత్తం ఒకే వీడియోగా పెట్టాడు. ఫైళ్ళు కావలసినవాళ్ళు ఎప్పుడో ఆగిపోయిన తరహా జియోసిటీస్ వెబ్ పేజీకి వెళ్ళి దించుకోవాల్సి వచ్చేది. తోస్తే ముప్పై కెనడా డాలర్లు పంపాల్సి ఉండేది. ప్రకటనల్లేవు, పోస్టర్లు లేవు. పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 9.1 ఇచ్చింది. ఆ తర్వాత నోటి మాటగానే లోకమంతా పాకింది.

మీడియం వేవ్‌లో రాత్రిపూట దూరపు స్టేషన్ తగిలీ తగలక వినపడినట్టు ఉంటాయి ఈ పాటలు. 1960ల నాటి అమెరికా ఆడపిల్లల బృందగానాలు, చౌకబారు గిటార్, టేపు బుసలు, ఆ బుసల అడుగున ఆడదో మగదో తెలియని సన్నటి గొంతు. ఒక్కో పాటా మనకు ఎప్పుడో తెలిసిందేమో అనిపించి, పట్టుకోబోయేలోగా అయిపోతుంది. రెండు గంటలు ఎక్కువేనా? ఎక్కువే. రెండో సగంలో ఒక అయిదారు పాటలు తీసేసినా ఎవరూ వెతుక్కోరు. కానీ ఈ ఆల్బం మీద కత్తెర పెట్టేవాడు ఉంటే అసలు ఆల్బమే వచ్చి ఉండేది కాదు. తర్వాతి ఏడాది కింగ్ గిజర్డ్, డీర్‌హూఫ్, షూ షూ వంటి బృందాలు స్పాటిఫై నుంచి పాటలు తీసేసుకున్నాయి, ఆ సంస్థ అప్పటి అధిపతి డేనియల్ ఎక్ యుద్ధ సాంకేతికతలో పెట్టుబడి పెట్టాడన్న కోపంతో. ఫ్లేగెల్ అంతకుముందే బయట నిలబడి ఉన్నాడు.

నచ్చనివాటి గురించి ఎక్కువ రాయను. టర్న్‌స్టైల్ ‘నెవర్ ఎనఫ్’ 2025లో అందరూ మోసిన ఆల్బం. బాల్టిమోర్ హార్డ్‌కోర్ కుర్రాళ్ళు. కచేరీలో వేదికకూ జనానికీ హద్దు చెరిపేస్తారు. రికార్డు మీద మాత్రం బ్రెండన్ యేట్స్ గొంతుకు ఎంత ప్రతిధ్వని పూశారంటే, ఎవరు పాడుతున్నారో మర్చిపోయాను. వెట్ లెగ్ ‘మాయిశ్చరైజర్’ సరదాగా ఉంది, సరదా అయిపోగానే అయిపోతుంది. వాంపైర్ వీకెండ్ ‘ఓన్లీ గాడ్ వాజ్ అబవ్ అస్’లో గిటార్లకు కావాలని చిలుము పట్టించారు. ఆ చిలుము కూడా ఎంతో శుభ్రంగా ఉంది. ఇందులో తెలివి ఉంది, నేను ఒప్పుకుంటాను, రెండోసారి పెట్టుకోను.

బిగ్ థీఫ్ ‘డబుల్ ఇన్ఫినిటీ’ విషయంలో మాత్రం బాధగా ఉంది. ఏడ్రియన్ లెంకర్ గొంతు ఈ తరం రాక్‌లోని గొప్ప పగుళ్ళలో ఒకటి. 2024లో ఆవిడ ఒంటరిగా చేసిన ‘బ్రైట్ ఫ్యూచర్’లో కుర్చీ కిర్రుమన్నా వినపడుతుంది. అదే ఏడాది బాసిస్టు మాక్స్ ఒలియార్చిక్ బృందం వదిలి వెళ్ళాడు. మిగిలిన ముగ్గురూ న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోకు చాలామంది వాద్యకారులను పిలిచి, అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి వాయించారు. జిథర్ వాయించే వృద్ధుడు లరాజీ కూడా వచ్చాడు. ఖాళీ అయిన ఒక్క కుర్చీ చుట్టూ ఇంతమంది చేరేసరికి చప్పుడు నిండుగా, హాయిగా ఉంది. లెంకర్ గొంతు ఆ హాయిలో మునిగిపోయింది. ఆ ఖాళీని అలాగే ఉంచి పాడి ఉంటే ఎలా ఉండేదో!

ఖాళీని ఎలా వాడుకోవాలో బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్‌కు తెలుసు. 2022లో రెండో ఆల్బం విడుదలకు కొద్ది రోజుల ముందు గాయకుడు ఐజక్ వుడ్ తప్పుకున్నాడు. గడగడ వణికే ఆ గొంతే బృందానికి సర్వస్వం అనుకున్నారంతా. మిగిలినవాళ్ళు అతని పాటలు ఇక వాయించబోమని చెప్పి, పాతవన్నీ పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఫరెవర్ హౌలాంగ్’లో టైలర్ హైడ్, జార్జియా ఎలరీ, మే కెర్షా వంతులవారీగా పాడతారు. పేరుపాటలో కెర్షా పాడుతుంటే మిగతావాళ్ళు గిటార్లు దించి, బడిపిల్లలు నేర్చుకునే రికార్డర్ పిల్లనగ్రోవులు ఊదుతారు. కొన్నిచోట్ల మరీ ముద్దుగా తయారైందన్నది నిజం. పాత గొంతును అనుకరించే ఒక్క ప్రయత్నమూ లేకపోవడం నాకు నచ్చింది.

మన దేశంలోంచి ఈ వరుసలో నిలబెట్టగల ఆల్బం ఢిల్లీ బృందం పీటర్ క్యాట్ రికార్డింగ్ కంపెనీ 2024 ఆగస్టులో తెచ్చిన ‘బీటా’. సూర్యకాంత్ సాహ్నీ గొంతు పాత హోటల్ గాయకుల ఠీవితో నడుస్తుంది. వెనక బ్యాండుమేళం బాకాలు, పెళ్ళి ఊరేగింపు తాళాలు. పాడేది ఇంగ్లిషే అయినా పాట చిరునామా ఢిల్లీ వీధి. సాహ్నీ గొంతు చిట్లదు, కాకపోతే అలసిపోయి ఉంటుంది, దాన్ని అతను దాచుకోడు. ‘పీపుల్ నెవర్ చేంజ్’ పాట ఊపుకు కాళ్ళు ఆడతాయి, పేరుకు తగ్గట్టు మనసు బరువెక్కుతుంది.

తెలుగులో గిటార్ పాట కావాలంటే మనవాళ్ళు ఇప్పటికీ 2010 నాటి ‘ఆరెంజ్’ దగ్గరకే వెళ్తారు. 2023లో ఆ సినిమా మళ్ళీ విడుదలైతే హాళ్ళలో హారిస్ జయరాజ్ పాటలు జనమే పాడారు. అంత ఆకలి ఉంది. సినిమా బయట దాన్ని తీర్చగలవాడెవరని ఆలోచిస్తే నాకు తట్టే పేరు సిద్ శ్రీరామ్. ‘ఇంకేం ఇంకేం’ నుంచి ‘శ్రీవల్లి’ దాకా మనం తలకెత్తుకున్న గొంతు. చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగాడు, అమ్మ దగ్గర కర్ణాటక సంగీతం నేర్చాడు. 2023లో ‘సిధార్థ్’ అని ఇంగ్లిష్ ఆల్బం ఒకటి చేశాడు. ప్రొడ్యూసర్ మినియాపొలిస్ ఇండీ లోకానికి చెందిన రయన్ ఓల్సన్. బాన్ ఐవర్ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ కూడా ఓ చెయ్యి వేశాడు. సినిమాల్లో నిండుగా, తీర్చిదిద్దినట్టుగా వినిపించే ఆ గమకాలు ఇక్కడ చెదిరి, విరిగి, ఒక్కోచోట గొంతు దారి తప్పినంత పని చేస్తాయి. ఆల్బం మొత్తం నిలకడగా లేదు. ఇంగ్లిష్ మాటల్లో కొన్ని తేలిపోయాయి. అయినా మనకు తెలిసిన గొంతు మనకు తెలియని చోటికి వెళ్ళడం విన్నాను.

అదే స్వేచ్ఛతో అతను తెలుగులో, ఏ హీరో కోసమూ కాకుండా, పది పాటలు పాడితే విడుదలైన రోజే కొంటాను. ఉచ్చారణ మీద ఎప్పటి ఫిర్యాదులే మళ్ళీ వస్తాయి. రానివ్వండి.